ముక్కున పుల్ల ఉందా?

మీ ఊళ్ళో చెరువు ఉందా? దీపావళి వెళ్ళి, చెరువు నిండి, తెల్లవారుజామున కాస్త చలి మొదలయ్యేసరికి అక్కడికి కొత్త కొత్త పక్షులు వస్తాయి. అవి ఎక్కడివని దారిన పోయే పెద్దవారిని అడిగి చూడండి. చాలామంది ఒకే జవాబు చెబుతారు: "సైబీరియా నుంచి వచ్చిన కొంగలు!"

చిన్నప్పుడు నేనూ ఆ జవాబే నేర్చుకున్నాను. ఎనిమిదో తరగతిలో 'సైబీరియా కొంగలు' అనే వ్యాసం రాసి, బహుమతిగా ఒక పెన్ను కూడా పుచ్చుకున్నాను. ఆ వ్యాసంలో పెద్ద తప్పు ఉందని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళ తరువాత, తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు దాన్ని పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడో చెబుతాను, వినండి.

ప్రయాణానికి ముందు

పోయిన నవంబరులో రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చాయి. బడికి రెండు రోజులు సెలవు. కార్తీక మాసం, శరదృతువు. పక్షులను చూడటానికి ఇంతకంటే మంచి కాలం లేదు. మా వాడిని వెంటబెట్టుకుని నెల్లూరులో రైలెక్కాను. గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం అనే చిన్న స్టేషను వస్తుంది. దానికి దగ్గరలోనే నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉంది. ఈ చోటు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మారినప్పటి నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

మా దగ్గర ఉన్న సామాను కొంచెమే. ఒక పాత దుర్భిణి, పక్షుల బొమ్మల పుస్తకం, రెండు నీళ్ళ సీసాలు, పులిహోర పొట్లాలు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను ఎందుకు కాదంటారా? వాన చినుకు పడితే సిరా చెదిరిపోతుంది. పెన్సిలు రాత చెదరదు.

రైల్లోనే మా వాడు నోటుపుస్తకంలో గీతలు గీసి అయిదు గళ్ళు చేశాడు. సమయం, చోటు, పక్షి, ఎన్ని, ఏం చేస్తోంది. చివరి గడి ఎందుకని నేను అడిగాను. "ఊరికే పేర్లు రాస్తే హాజరుపట్టీలాగా ఉంటుంది మామయ్యా! పనేమిటో కూడా తెలియాలి గదా!" అన్నాడు. ఆ గడి నా వ్యాసాన్ని తలకిందులు చేస్తుందని నాకప్పుడు తెలియదు.

నేలపట్టు చెరువు గట్టున

నేలపట్టు కేంద్రం విస్తీర్ణం సుమారు 458 హెక్టార్లు. దీన్ని 1976లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి చెరువులో నీళ్ళ మధ్య గుబురుగా కడప చెట్లు నిలిచి ఉంటాయి. ఊరి పేరు కాదు సుమా, చెట్టు పేరే అది! మొదలు నెలల తరబడి నీళ్ళలో మునిగి ఉన్నా చావని చెట్టు.

మేము గట్టెక్కేసరికి ఏడు గంటలయింది. ముందుగా చప్పుడు వినిపించింది. గురగురలు, రెక్కల టపటపలు, ముక్కులు కొట్టుకునే టకటకలు కలిసిపోయి సంతలో ఉన్నట్టుంది. తరువాత చెట్లు కనిపించాయి. ఆకులకంటే పక్షులే ఎక్కువ ఉన్నాయా అనిపించింది.

అన్నిటికంటే పెద్దది గూడబాతు. పొలానికి నీరు తోడటానికి పూర్వం 'గూడ' వాడేవారు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి, తాళ్ళతో ఊపి నీరు చిమ్మే బుట్ట అది. ఈ పక్షి కింది ముక్కుకు సరిగ్గా అలాంటి సంచే వేలాడుతుంది. ఆ సంచితో నీటినీ చేపలనూ కలిపి తోడి, నీరు వదిలేసి, చేపలను మింగుతుంది. రెక్కలు విప్పితే ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు రెండున్నర మీటర్లు. పై ముక్కు అంచున వరసగా చుక్కలుంటాయి. ఈ రకాన్ని గుర్తుపట్టడానికి ఆ చుక్కలే ఆనవాలు.

గూడబాతుల పక్కనే నత్తగుల్ల కొంగలు ఉన్నాయి. వీటి ముక్కు మూసుకున్నా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. నత్తల్ని పట్టి, గుల్లలోంచి కండను లాగి తినటానికి తగిన ముక్కు అది. ఇంకా తెల్ల కంకణాలు, నీటికాకులు, పగలంతా కునికిపాట్లు పడే రాత్రి కొంగలు కనిపించాయి. మా వాడు దుర్భిణి దించకుండా చెబుతుంటే నేను రాస్తున్నాను.

చిక్కు ప్రశ్న

తొమ్మిదిన్నరకు పులిహోర తింటూ ఆ పేజీ చూసుకున్నాం. చివరి గడిలో ఇలా ఉంది: గూడబాతు, పుల్ల తెస్తోంది. నత్తగుల్ల కొంగ, పుల్ల తెస్తోంది. గూడబాతు, పుల్ల సర్దుతోంది. నీటికాకి, పక్క గూటి పుల్ల దొంగిలిస్తోంది.

"మామయ్యా, ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయన్నావు గదా?"

"అవును."

"గూడు కట్టేది ఇక్కడ. గుడ్లు పెట్టేది ఇక్కడ. పిల్లలు పుట్టేది ఇక్కడ. మరి సైబీరియావి ఎలా అవుతాయి?"

నేను జవాబు వెతుక్కుంటుంటే, గట్టు మీద గేదెలను తోలుకెళుతున్న ఒక పెద్దాయన ఆగి నవ్వాడు. ఆ పక్క ఊరి రైతట. "ఇవి ఈ దేశపు పిట్టలే అబ్బయా! వానలు పడి చెరువు నిండితే వస్తాయి. నిండని ఏడు అంతగా రావు. పిల్లలకు రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఈటి రెట్ట కలిసిన నీళ్ళు పారితే మా చేలకు ఎరువు ఎయ్యాల్సిన పని తగ్గుద్ది. అందుకే మా నాయన కాలం నుంచి ఎవరినీ రాయి ఎయ్యనీము" అన్నాడు.

ఆ రాత్రి సూళ్ళూరుపేట లాడ్జిలో పుస్తకం తిరగేశాను. పెద్దాయన మాటే నిజం. మా వాడి ప్రశ్నా సరైనదే. నా వ్యాసమే తప్పు.

వలస అంటే ఏమిటి?

పక్షి చోటు మార్చడంలో రెండు తీరులున్నాయి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే మనం పొరబడతాం.

మొదటిది దూరపు వలస. సైబీరియా, మధ్య ఆసియా వంటి ఉత్తరపు నేలల్లో వేసవి పగళ్ళు చాలా పొడుగు. పురుగులు, గింజలు, గడ్డి సమృద్ధిగా ఉంటాయి. పిల్లల్ని పెంచటానికి అది మంచి అదను. అందుకే బాతులు, ఉల్లంకులు వంటి ఎన్నో పక్షులు మే, జూన్ నెలల్లో అక్కడ గూడు కడతాయి. చలికాలంలో అక్కడ నీరు గడ్డకడుతుంది. తిండి దొరకదు. అప్పుడవి దక్షిణానికి వచ్చి, మన చెరువుల్లో నాలుగైదు నెలలు గడిపి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. అవి ఇక్కడికి వచ్చేది తినటానికి, బతకటానికి. పిల్లల్ని కనటానికి కాదు.

రెండోది దగ్గరి రాకపోకలు. గూడబాతు, నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ళ కొంగ మన ప్రాంతపు పక్షులే. నీరున్న చోటికి వస్తాయి, నీరెండితే మరో చోటికి పోతాయి. నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. చెరువులు నిండుతాయి, చేపలూ నత్తలూ పెరుగుతాయి. చెట్ల చుట్టూ నీరు నిలుస్తుంది కనుక నక్కలు, పిల్లులు గూళ్ళ దాకా రాలేవు. ఉత్తరపు పక్షికి వేసవి ఎలాంటిదో, ఈ పక్షులకు మన వానకాలం అలాంటిది.

అసలు 'సైబీరియా కొంగ' అనే పక్షి వేరే ఉంది. అది తెల్లటి, ఎర్ర ముఖం గల పెద్ద పక్షి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు చలికాలంలో వచ్చేది. ఏటా తగ్గుతూ తగ్గుతూ 2002లో చివరిసారి అక్కడ కనిపించింది. ఆ తరువాత రాలేదు. ఆ పేరును మనం మన ఊరి కొంగలకు తగిలించేశాం!

ఆదివారం: పులికాట్ సరస్సు

మరునాడు పొద్దున సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట దారి పట్టాం. ఉపగ్రహాలను పంపే శ్రీహరికోట పేరు మీకు తెలిసిందే. అది బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ మధ్య ఉన్న దీవి. దానికి వెళ్ళే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. పులికాట్ మన దేశంలో చిలకా తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రపు నీరూ, ఏటి నీరూ కలవటం వల్ల దీని నీరు కొన్నాళ్ళు బాగా ఉప్పగా, కొన్నాళ్ళు తక్కువ ఉప్పగా ఉంటుంది. చాలా చోట్ల మోకాలి లోతే. కాళ్ళు పొడుగున్న పక్షులకు ఇంతకంటే ఏం కావాలి?

సూదిలాంటి తోకతో బాతులు, గరిటెలాంటి ముక్కుతో మరో రకం బాతులు, బురదలో ముక్కు గుచ్చుతూ పరుగెత్తే ఉల్లంకులు కనిపించాయి. దూరంగా గులాబీరంగు గీతలా ఫ్లెమింగోలు. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కులోని సన్నని పళ్ళలాంటి అంచులతో నీటిని వడకట్టి చిన్న చిన్న జీవులను తింటుంది. ఆ తిండిలోని రంగు పదార్థాల వల్లనే దాని ఈకలకు గులాబీ రంగు వస్తుంది.

నేను ఫ్లెమింగోలను చూసి "వెయ్యి ఉంటాయి, రాసుకో" అన్నాను. మా వాడు రాయలేదు. "నువ్వు లెక్కపెట్టావా?" అన్నాడు. నిన్నటి దెబ్బతో నేను నోరు మూసుకున్నాను.

గుంపును లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఒక చివర ఇరవై పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించాలి. ఆ ఇరవై ఎంత చోటు ఆక్రమించాయో కంటికి గుర్తుంచుకోవాలి. అంత చోటు గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. మా వాడు మూడుసార్లు చేశాడు. 420, 460, 440 వచ్చాయి. 'సుమారు 440' అని రాశాడు. నా 'వెయ్యి' సగానికి పైగా తరిగిపోయింది! చూశారా, పెద్ద గుంపు కనిపించగానే మనసు సున్నాలు చేర్చేస్తుంది. ఆ అంకె ఎవరైనా నమ్మితే, మరుసటి ఏడు 440 చూసినవారు 'పక్షులు సగం తగ్గిపోయాయి' అని కంగారుపడతారు. నిజంగా తగ్గిన రోజున దాన్ని గుర్తించలేకపోవచ్చు కూడా.

మధ్యాహ్నానికి పేజీ నిండింది. చివరి గడిలో ఏముంది? తింటోంది. నిద్రపోతోంది. ఈకలు సర్దుకుంటోంది. మళ్ళీ తింటోంది. ఒక్క పుల్ల కూడా లేదు.

ఇంతలో ఆకాశం నుంచి గూడబాతులు నాలుగు దిగాయి. సరస్సులో మూతి ముంచి చేపలు తోడి, ఎండకు వేడెక్కి పైకి లేచే గాలి మీద తేలుతూ నేలపట్టు దిక్కుకే వెళ్ళిపోయాయి. నేలపట్టులో గూడు కట్టే గూడబాతులు తిండికి పులికాట్‌కు వస్తాయని పుస్తకంలో చదివాను. పడకగది ఒక చోట, వంటిల్లు ఒక చోట అన్నమాట. రెండింటిలో ఏది పాడైనా ఇల్లు నడవదు.

పుల్ల చెప్పేది ఎంత?

తిరుగు రైలు కోసం ఎదురుచూస్తూ మా వాడు ఒక సూత్రం రాశాడు: "ముక్కున పుల్ల ఉంటే ఇక్కడి పక్షి. లేకపోతే అతిథి."

మొదటి వాక్యం బాగుంది. రెండోది బాగాలేదు. ఎందుకో మీరు చెప్పగలరా? ఒక నిమిషం ఆలోచించండి.

గోరింకను తీసుకోండి. నవంబరులో దాని ముక్కున పుల్ల ఉండదు. అది గూడు కట్టేది ఎండాకాలంలో. అంతమాత్రాన గోరింక సైబీరియాది అవుతుందా? ఫ్లెమింగో సంగతి మరీ చిత్రం. పులికాట్‌లో అది అతిథే. కాని సైబీరియా అతిథి కాదు. మన దేశంలో అది గూడు కట్టే ముఖ్యమైన చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. కనుక పుల్ల కనిపిస్తే ఒక సంగతి తేలుతుంది. కనిపించకపోతే ఏమీ తేలదు. ఏడాది పొడుగునా చూడాలి. విజ్ఞానశాస్త్రంలో ఈ తేడా చాలా ముఖ్యం. మా వాడు రెండో వాక్యం కొట్టేసి, "లేకపోతే ఇంకా చూడాలి" అని రాశాడు.

ఉంగరం చెప్పిన కథలు

మరి అతిథులు ఎక్కడి నుంచి వస్తాయో ఎలా తెలిసింది? 1899లో డెన్మార్క్‌లో మార్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు పక్షుల కాళ్ళకు అంకెలు చెక్కిన తేలికైన అల్యూమినియం ఉంగరాలు తొడిగి వదిలాడు. ఆ పక్షి మరో చోట దొరికితే, ఉంగరం మీది అంకెను బట్టి అది బయలుదేరిన చోటు తెలుస్తుంది. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, సలీం ఆలీ చొరవతో 1959లో ఈ పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఇక్కడ ఉంగరం తొడిగిన బాతులెన్నో ఆనాటి సోవియట్ యూనియన్‌లో దొరికాయి.

ఇప్పుడు ఉంగరానికి తోడు ఉపగ్రహాలతో మాట్లాడే చిన్న పరికరాలు వచ్చాయి. తల మీద రెండు నల్ల పట్టీలుండే ఒక రకం బాతు హిమాలయాల మీదుగా మన దేశానికి వస్తుంది. అది 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు అలాంటి పరికరమే చూపింది. 2022లో ఒక గాడ్విట్ పిట్ట అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా వాలకుండా ఎగిరింది. అప్పటికి దాని వయసు అయిదు నెలలే!

ఎవరిది బాధ్యత?

'సైబీరియా పక్షి' అన్నా, 'మన పక్షి' అన్నా పేరులో ఏముంది అనుకోవచ్చు. ఉంది. అతిథి అనుకుంటే, ఈ ఏడు రాకపోతే 'వాళ్ళ ఊళ్ళో ఏదో జరిగి ఉంటుంది' అని ఊరుకుంటాం. మన ఊళ్ళో పుట్టినదైతే అలా అనలేం.

చుక్కల ముక్కు గూడబాతు ప్రపంచంలో గూడు కట్టేది భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి కొద్ది దేశాల్లోనే. బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలో ఒకప్పుడు వీటి మహా పట్టణం ఉండేది. 1877లో ఓట్స్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు అక్కడ లక్షలకు లక్షలు గూళ్ళు కట్టాయని రాశాడు. 1940లు గడిచేసరికి అక్కడ ఒక్క గూడు కూడా మిగలలేదు. అంత పెద్ద సంఖ్య కూడా రక్షణ కాదన్నమాట.

గూడబాతు సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. అవి పొదగటానికి నెల రోజులు, పిల్లలు పెరిగి ఎగరటానికి మరో మూడు నుంచి అయిదు నెలలు కావాలి. ఈలోగా చెరువు ఎండినా, చెట్లు కొట్టేసినా ఆ ఏటి సంతానం దక్కదు. వాటికి వేరే సైబీరియా లేదు. మన చెరువే వాటి సైబీరియా.

మీరూ చేయండి

దీనికి దుర్భిణి తప్పనిసరి కాదు. నోటుపుస్తకం, పెన్సిలు, ఒక తోడు చాలు. తోడు ఎందుకంటే, ఒకరు చూస్తుంటే ఒకరు రాయవచ్చు. అంతకంటే ముఖ్యంగా, "నువ్వు లెక్కపెట్టావా?" అని అడగటానికి ఒకరుండాలి.

నెలకు ఒక ఆదివారం పొద్దున్నే మీ ఊరి చెరువు దగ్గర ఒక గంట గడపండి. మా వాడి అయిదు గళ్ళే గీయండి. రంగురంగుల బట్టలు వద్దు. గూళ్ళ దగ్గరకు వెళ్ళవద్దు. తల్లి పక్షి బెదిరి లేస్తే గుడ్లు ఎండకు మాడిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి, ఊరి పెద్దలను అడగండి. ఏమీ కనిపించకపోతే 'సున్నా' అని రాయండి. సున్నా కూడా సమాచారమే. తోక ఆడిస్తూ నేల మీద పరుగులు తీసే తెల్ల జిట్టంగి చలికాలపు అతిథి. అది మీ ఊరికి మొదట వచ్చిన తేదీ, చివరిసారి కనిపించిన తేదీ తప్పకుండా రాయండి. అయిదేళ్ళు అలా రాస్తే, మీ ఊరి గురించి ఏ పుస్తకంలోనూ లేని సంగతి ఒకటి మీ చేతిలో ఉంటుంది.

ఇంటికి వచ్చాక నా పాత ట్రంకుపెట్టె వెతికాను. వ్యాసం దొరకలేదు గాని పెన్ను దొరికింది. దాన్ని మా వాడికిచ్చేశాను. తప్పు రాసినవాడి దగ్గర కంటే, ప్రశ్న అడిగినవాడి దగ్గర ఉండటమే న్యాయం. వాడు మాత్రం దాన్ని జేబులో పెట్టుకుని, "చెరువు దగ్గరకు పెన్సిలే తీసుకెళతాను మామయ్యా" అన్నాడు.